కొత్త కోచ్‌పై జాత్యహంకార ఆరోపణలు: విజయనగరం అభిమానులు పదే పదే అడుగుతున్న ప్రశ్నలు

మనం అభిమానించే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్బు కొత్త కోచ్‌ను ప్రకటించిన వారానికే అతని మీద ఆరోపణలు బయటికొచ్చాయి. అప్పటినుంచి మూడులాంతర్ల దగ్గర టీ కొట్టులో, రైల్వే స్టేషన్లో, అర్ధరాత్రి ఫోనులో నన్ను అడిగినవే అడుగుతున్నారు. శనివారం మ్యాచ్‌కు శ్రీకాకుళం నుంచి వచ్చే మిత్రులైతే బస్సు దిగగానే మొదలుపెడతారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పిపుట్టి ఇది రాశాను. ఎవరి సందేహం దగ్గరికి వారు నేరుగా వెళ్లవచ్చు. కోచ్ పేరు, క్లబ్బు పేరు కావాలనే రాయలేదు. విచారణ ముగియలేదు, కలిసి మ్యాచ్‌లు చూసే మన గదిలో కూర్చునేవారికి ఆ రెండూ ఎలాగూ తెలుసు.

## వార్త విన్న రోజు

అసలు అతను ఏమన్నాడని ఆరోపణ?

పాత క్లబ్బులో పనిచేస్తున్నప్పుడు ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లను ఒంటిరంగుతో ముడిపెట్టి పిలిచేవాడనీ, "మీవాళ్లకు ఒళ్లు వంగదు" అన్న ధోరణిలో మాట్లాడేవాడనీ ఫిర్యాదు. ఆసియా మూలాలున్న ఒక ఫిజియో కూడా ఇలాంటిదే చెప్పాడు. కోచ్ అన్నీ ఖండించాడు. ఇంతకుమించి మనకు తెలిసినది లేదు. వాట్సాప్‌లో తిరుగుతున్న "పూర్తి సంభాషణ" ఎవరు రాశారో, ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. దాన్ని ముందుకు పంపకండి.

జాత్యహంకారం, జాతివివక్ష, వర్ణవివక్ష... పేపర్లో రోజుకో మాట రాస్తున్నారు. ఏది సరైనది?

మూడూ చలామణిలో ఉన్నవే, కానీ అర్థంలో తేడా ఉంది. ఒక జాతి మనుషులు పుట్టుకతోనే తక్కువ అనుకునే బుద్ధి జాత్యహంకారం. ఆ బుద్ధితో జట్టులో చోటు, జీతం, మర్యాద తగ్గిస్తే అది జాతివివక్ష. వర్ణవివక్ష అన్నమాట మనకు దక్షిణాఫ్రికా వార్తలతో అలవాటైంది. ఒంటిరంగు ప్రధానమైనప్పుడు వాడతారు. మన కోచ్ విషయంలో మాటల మీదే ఫిర్యాదు కాబట్టి "జాత్యహంకార వ్యాఖ్యలు" అనడం సరిపోతుంది. జట్టు ఎంపికలోనూ తేడా చూపాడని తేలితే అప్పుడు వివక్ష అనవచ్చు.

టీవీలో అప్పుడే 'దోషి' అనేశారు. ఆరోపణ వస్తే తప్పు చేసినట్టేనా?

కాదు. ఒకరు ఫిర్యాదు చేస్తే ఆరోపణ. దాన్ని పరిశీలించి, అడగాల్సిన విషయం ఉందని ఫుట్‌బాల్ సంఘం నోటీసు ఇస్తే అభియోగం. ఇరువైపులా విని కమిషన్ ఒక మాట చెబితే నిర్ధారణ. మనం ఇప్పుడు మొదటి మెట్టు మీద ఉన్నాం. స్క్రోలింగ్ రాసేవారికి మూడు మెట్లూ ఒకటే.

ఎప్పుడో జరిగినదాన్ని అతను మన క్లబ్బుకు రాగానే బయటపెట్టారు. ఇందులో కుట్ర లేదా?

ఉండవచ్చు. అయితే ఆలస్యం ఒక్కటే కుట్రకు సాక్ష్యం కాదు. కోచ్ చేతిలో ఆటగాడి బతుకు ఉంటుంది: పదకొండు మందిలో ఎవరుండాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో అతని ఇష్టం. కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకునే పిల్లలను చూసినవారికి, గురువు మీద నోరెత్తడం అంటే ఏమిటో వివరించనక్కరలేదు. చాలామంది ఆ కోచ్ వెళ్లాకే, లేదా తామే క్లబ్బు మారాకే మాట్లాడతారు.

కొన్నిసార్లు సంగతి వేరే తవ్వకంలో బయటపడుతుంది. కార్డిఫ్ మాజీ మేనేజర్ మాల్కీ మెకే పంపిన అభ్యంతరకర సందేశాలు 2014లో అలాగే దొరికాయి. ఆటగాళ్ల కొనుగోళ్ల లెక్కల కోసం వెతుకుతూ ఉంటే ఇవి పైకి తేలాయి. అప్పటికి క్రిస్టల్ ప్యాలెస్‌లో అతనికి దాదాపు ఖాయమైన ఉద్యోగం చేజారింది.

## "మాట" దగ్గరే ఆగిపోయేవారికి

మనం కూడా స్నేహితులను 'నల్లన్నా', 'బొగ్గు' అని పిలుచుకుంటాం కదా. దానికే జాత్యహంకారమా?

అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఇదే. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ఈ వాదన మనకంటే ముందు ఉరుగ్వే వాళ్లు చేశారు. 2011 అక్టోబరులో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ సువారెజ్, మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు పాట్రిస్ ఎవ్రాను నలుపుకు సంబంధించిన స్పానిష్ మాటతో సంబోధించాడు. మా దేశంలో అది చనువుగా పిలిచే మాటేనని వాదించాడు. కమిషన్ ఆ వాదనను కొట్టిపారేయలేదు. స్పానిష్ పండితులను పిలిచి అడిగింది. మాట చనువుదీ కావచ్చు, తిట్టూ కావచ్చు. ఇద్దరూ గొడవపడుతుండగా అన్నప్పుడు చనువు ఎక్కడిదన్న నిర్ణయానికి వచ్చింది. 8 మ్యాచ్‌ల నిషేధం, 40 వేల పౌండ్ల జరిమానా పడ్డాయి. అదే ఉరుగ్వేకు చెందిన ఎడిన్సన్ కవానీ 2020లో ఇన్‌స్టాగ్రామ్‌లో స్నేహితుడికి కృతజ్ఞత చెబుతూ అదే మూలం నుంచి వచ్చిన ముద్దుమాట రాశాడు. అతనికీ 3 మ్యాచ్‌ల నిషేధం, లక్ష పౌండ్ల జరిమానా వేశారు. ఉరుగ్వే భాషా అకాడమీ గట్టిగా అభ్యంతరం చెప్పింది. నా మట్టుకు నాకు కవానీ శిక్ష ఎక్కువే అనిపిస్తుంది. రెండు కేసుల్లోనూ మాట ఒకే కుదురుది. ఒకటి పోట్లాట మధ్యలో పుట్టింది, రెండోది పలకరింపు.

ఇక మన ఇంటి ముచ్చట. వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ హైదరాబాద్ ఐపీఎల్ జట్టుకు ఆడిన రోజుల్లో తోటివారు అతన్ని 'కాలూ' అని పిలిచేవారు. బలమైన గుర్రం అని అర్థమేమో అనుకుని అతనూ నవ్వేవాడు. అసలు అర్థం 2020లో తెలిసి నిలదీశాడు. తర్వాత ఆ జట్టు సభ్యుడొకరు మాట్లాడి ప్రేమతోనే పిలిచామన్నారని సామీయే చెప్పాడు. గొడవ సద్దుమణిగింది. కానీ ఆ ప్రేమలో పాలుపంచుకునే ముందు, ఆ మాటకు అర్థం ఏమిటో అతనికి ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది. తమిళనాడుకు చెందిన మాజీ లెగ్‌స్పిన్నర్ లక్ష్మణ్ శివరామకృష్ణన్ సొంత దేశంలోనే జీవితమంతా రంగు వల్ల వివక్ష ఎదుర్కొన్నానని 2021లో రాశారు. ఆయన్ను పిలిచినవారు కూడా ప్రేమతోనే పిలిచామనే అంటారు కాబోలు.

మన గదిలో ఒకరిని అందరూ 'బొగ్గు' అంటారు. పదిహేనేళ్లుగా అంటున్నాం. ఈ గొడవ మొదలయ్యాక ఒక రాత్రి నేను అడిగాను, నీకెలా ఉంటుందని. చాయ్ గ్లాసు చేతిలో తిప్పుతూ, "అలవాటైపోయిందిలే" అన్నాడు. బాగుంటుందని మాత్రం అనలేదు.

కులపిచ్చి మన దగ్గర పెట్టుకుని ఇంగ్లండు కోచ్ గురించి మాట్లాడే అర్హత మనకుందా?

మాట్లాడటానికి అర్హత అక్కర్లేదు, నిజాయితీ ఉంటే చాలు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో భారత మహిళల హాకీ జట్టు ఓడిపోగానే, హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు బాణసంచా కాల్చి, ఆమె కులాన్ని తిట్టారు. అంతకు కొన్ని రోజుల ముందే ఆమె దక్షిణాఫ్రికాపై హ్యాట్రిక్ కొట్టింది. ఇంకా వెనక్కి వెళితే, దళితుడైన పల్వంకర్ బాలూ అంతటి క్రికెట్ స్పిన్నర్‌కు జట్టులో చోటిచ్చి, టీ మాత్రం విడిగా ఇచ్చేవారు. "మీ దగ్గర లేదా?" అని ఎవరైనా అడిగితే ఉందని ఒప్పుకుని, మాట కొనసాగించండి.

మన ఊరి మైదానంలో ఇలాంటిది జరిగితే ఏ చట్టం ఉంది?

ఎస్సీ, ఎస్టీ వర్గాలవారిని ప్రజలు చూసేచోట కులం పేరుతో దూషించడం, అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. మైదానం ప్రజలు చూసే చోటే. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు చేయవచ్చు. టోర్నమెంటు కమిటీ అనుమతి అవసరం లేదు.

## విచారణ సాగుతుండగా

విచారణ ఎవరు చేస్తారు? కోర్టులోలాగే రుజువు కావాలా?

ఇంగ్లండులో ఫుట్‌బాల్ అసోసియేషన్ అభియోగం మోపితే, స్వతంత్ర కమిషన్ వింటుంది. క్రిమినల్ కోర్టులో సందేహానికి తావులేని రుజువు కావాలి. ఇక్కడ త్రాసు ఎటు మొగ్గితే అటు. జరగకపోవడం కన్నా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని కమిషన్ నమ్మితే చాలు. అందుకే "కోర్టులో నిలబడదు" అని మన లాయరు మిత్రుడు ఒట్టేసి చెప్పినా, కమిషన్ ముందు నిలబడవచ్చు. ఉద్యోగుల మీద వివక్ష అయితే అక్కడి 2010 సమానత్వ చట్టం కింద వేరే దారి కూడా ఉంది.

పాత క్లబ్బే విచారణ జరిపి "ఏమీ లేదు" అంది. ఇంకా ఎందుకు సాగదీయడం?

తమ ఉద్యోగి మీద తామే విచారణ చేసుకున్నప్పుడు కాగితం మీద సంతకం కన్నా, ఎవరిని పిలిచి అడిగారన్నది ముఖ్యం. ఇంగ్లండు మహిళల జట్టు మాజీ కోచ్ మార్క్ శాంప్సన్ కేసు చూడండి. నైజీరియా మూలాలున్న ఆటగత్తె ఎనీ అలూకోతో, వెంబ్లీకి వచ్చే మీ బంధువులు ఎబోలా తీసుకురాకుండా చూడు అన్నాడని ఫిర్యాదు. రెండు విచారణల్లో అతని తప్పు లేదన్నారు. తీరా చూస్తే, ఇలాంటి మాటే పడిన మరో ఆటగత్తె డ్రూ స్పెన్స్‌ను ఆ విచారణల్లో అడగనే లేదు. మళ్లీ తెరిచిన విచారణలో, 2017 అక్టోబరులో, ఇద్దరి విషయంలోనూ అవి చట్టప్రకారం జాతివివక్ష వ్యాఖ్యలేనని తేలింది. సంఘం క్షమాపణ చెప్పింది.

మన ఊరికి ఇది కొత్త పాఠమేమీ కాదు. 1936 ఇంగ్లండు పర్యటనలో భారత క్రికెట్ కెప్టెన్ మన విజ్జీయే, అంటే విజయనగరం మహారాజకుమార్. క్రమశిక్షణ లేదని లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఓడెక్కించి ఇంటికి పంపారు. పంపినవాళ్ల మాటే అప్పటికి చెల్లింది. తిరిగొచ్చాక బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి బోమాంట్ నాయకత్వంలో కమిటీ వేస్తే, అమర్‌నాథ్ తప్పు లేదని 1937లో తేల్చింది. విజ్జీ నాయకత్వాన్నే తప్పుపట్టింది. అది జాతి గొడవ కాదు, అధికారం గొడవ. ఆయన పేరున్న స్టేడియం పక్క నుంచి నడిచేటప్పుడు నాకిది గుర్తొస్తుంది. ఆటల్లో మన ఊరికి అంతకన్నా పెద్ద పేరు తెచ్చినవారు తక్కువే, అదీ నిజమే.

ఇప్పుడే కోచ్‌ను తీసేయాలని మనం అడగాలా?

మన గదిలో ఇది సగం సగం. నా అభిప్రాయం: విచారణ వరకు జట్టుకు దూరంగా ఉంచమని అడగవచ్చు, ఉద్యోగం ఊడగొట్టమని అడగకూడదు. దీనికి కారణం క్రిస్టోఫ్ గాల్టియే. పారిస్ సెయింట్ జర్మెయిన్ కోచ్‌గా ఉండగా, అంతకుముందు పనిచేసిన నీస్ క్లబ్బులో నల్లజాతి, ముస్లిం ఆటగాళ్లు ఎక్కువయ్యారని అన్నాడంటూ మాజీ డైరెక్టరు రాసిన ఈమెయిల్ 2023 ఏప్రిల్‌లో బయటపడింది. అతనికి బెదిరింపులు వచ్చాయి. పోలీసులు అదుపులోకి తీసుకుని ప్రశ్నించారు. డిసెంబరులో నీస్ కోర్టు నిర్దోషి అని తీర్పు ఇచ్చింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. మాల్కీ మెకే మీద విచారణ ముగియకముందే, 2014 నవంబరులో, విగన్ క్లబ్బు అతన్ని మేనేజర్‌గా పెట్టుకుంది. చొక్కా మీద పేరున్న స్పాన్సర్ ఒప్పందం తెంచుకున్నాడు. అతన్ని సమర్థించబోయిన యజమాని డేవ్ వీలన్ తానే అనకూడని మాటలు అని, 50 వేల పౌండ్ల జరిమానా కట్టాడు. ఏప్రిల్‌కల్లా మెకే ఉద్యోగం పోయింది, ఆ సీజన్‌లోనే జట్టు కింది డివిజన్‌కు జారింది.

కోచ్‌కు మద్దతుగా టీషర్టులు వేయిద్దామంటున్నారు. తప్పేముంది?

2011 డిసెంబరులో విగన్‌తో మ్యాచ్‌కు ముందు లివర్‌పూల్ ఆటగాళ్లు సువారెజ్ బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకుని మైదానంలోకి వచ్చారు. ఎనిమిదేళ్ల తర్వాత వారిలో ఒకడైన జేమీ కారగర్ టీవీ స్టూడియోలో ఎవ్రా పక్కన కూర్చుని, అది పెద్ద తప్పని ఒప్పుకున్నాడు. టీషర్టు కోచ్‌కు కనిపించదు, అతను విజయనగరం రాడు. ఫిర్యాదు చేసిన ఆటగాళ్ల ఈడు పిల్లలకు మన వీధిలోనే కనిపిస్తుంది. నేను చందా ఇవ్వలేదు.

## మ్యాచ్ రాత్రి

మ్యాచ్ చూడటం మానేయాలా?

మానేసినవారిని వెక్కిరించకండి, చూసేవారిని నిందించకండి. ఇంగ్లండులో మధ్యాహ్నం మూడింటి ఆట మనకు వేసవిలో ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదున్నరకు వస్తుంది. గది తలుపు ఎప్పటిలాగే తెరిచే ఉంటుంది. నేను చూస్తున్నాను. మొదటి రెండు ఆటలకు కోచ్‌ను చూపించినప్పుడల్లా గదిలో ఎవరో ఒకరు దగ్గేవారు. ఇప్పుడు అదీ లేదు.

మనవాళ్లు గోల్ కొడితే సంబరపడవచ్చా?

గోల్ కొట్టింది ఆటగాడు. పడండి. 2017 సెప్టెంబరులో రష్యా మీద గోల్ కొట్టాక ఇంగ్లండు మహిళల జట్టు మొత్తం పరుగెత్తుకెళ్లి శాంప్సన్‌ను చుట్టుముట్టింది. ఎనీ అలూకో దాన్ని తన పట్ల అగౌరవంగా తీసుకుంది. గోల్ కొట్టిన నికితా పారిస్ తర్వాత క్షమాపణ చెప్పింది. సంబరం ఎవరి వైపు పరుగెత్తుతున్నదో చూసుకుంటే చాలు.

విజయనగరంలో కూర్చుని ఫిర్యాదు చేసిన ఆటగాడి ఖాతాలో కామెంటు పెడితే ఎవరికి తెలుస్తుంది?

తెలుస్తుంది. 2021 యూరో ఫైనల్ తర్వాత నల్లజాతి ఆటగాళ్లను తిడుతూ వచ్చిన పోస్టుల్లో 207 నేరం కిందికి వస్తాయని బ్రిటన్ ఫుట్‌బాల్ పోలీసు విభాగం తేల్చింది. వాటిలో 34 ఖాతాలు బ్రిటన్‌వి, 123 ఇతర దేశాలవి. విదేశీ వివరాలను ఆయా దేశాలకు పంపే ఏర్పాట్లు చేశారు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ ఆటగాడు ఉదయం లేచి చదివేది మీ పేరుతో ఉన్న తెలుగువాడి మాట.

మా అబ్బాయికి పదేళ్లు. కోచ్ పోస్టరు గోడకు అంటించుకున్నాడు. ఏం చెప్పాలి?

ఉన్నదే చెప్పండి: "ఒకరిని రంగు చూసి హేళన చేశాడని అంటున్నారు, నిజమో కాదో కనుక్కుంటున్నారు." పోస్టరు మీరు చింపకండి. మీ క్లాసులో ఎవరినైనా అలా పిలుస్తారా అని కూడా అడగండి. మా మేనల్లుడు ఆ ప్రశ్నకు ముగ్గురి పేర్లు చెప్పాడు, ఒకటి వాడు పెట్టినదే.

గదిలో ఈ విషయం మాట్లాడొద్దని కొందరు అంటున్నారు. ఆటను ఆటగా చూడలేమా?

పోయిన ఏడాది విశాఖలో చదువుకునే సూడాన్ కుర్రాడు ఒకరు, మనలో ఒకరి స్నేహితుడు, మ్యాచ్‌కు వచ్చాడు. మన చొక్కాయే వేసుకున్నాడు. కరెంటు పోయి గది చీకటైంది. వెనక నుంచి ఎవరో, "నవ్వరా బాబూ, ఎక్కడున్నావో కనబడతావు" అని తెలుగులో అన్నారు. అందరం నవ్వాం, నేను కూడా. అతనికి తెలుగు రాదనుకున్నాం. రెండేళ్లుగా ఇక్కడే ఉన్నవాడికి 'నవ్వు' అన్న మాట రాదా? కరెంటు వచ్చాక మర్యాదగా చేతులు కలిపి, బస్సు టైమైందని హాఫ్‌టైములోనే వెళ్లిపోయాడు. ఆఖరి బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. మళ్లీ రాలేదు. కాబట్టి ఆటను ఆటగా చూడటం మన గదిలో అందరికీ ఒకేలా కుదరలేదు.

## తీర్పు వచ్చాక

నిర్దోషి అని తేలితే ఫిర్యాదు చేసినవాళ్లు అబద్ధాలకోర్లే కదా?

అవసరం లేదు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో మన హైదరాబాదీ సిరాజ్ ఆట ఆపి అంపైరుకు ఫిర్యాదు చేశాడు. ఆరుగురు ప్రేక్షకులను బయటికి పంపారు. భారత ఆటగాళ్లను జాతిపరంగా దూషించిన మాట నిజమేనని క్రికెట్ ఆస్ట్రేలియా ఒప్పుకుంది. బయటికి పంపిన ఆ ఆరుగురు మాత్రం దూషించినవారు కాదంది. సిరాజ్ అబద్ధం ఆడలేదు, ఆ ఆరుగురూ తప్పు చేయలేదు. కోచ్ నిర్దోషి అని తేలితే అతనికి మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టండి.

రుజువై, క్షమాపణ కూడా చెబితే?

శిక్ష ఎంత, ఎవరికి క్షమాపణ చెప్పాడు అన్నవి చూడాలి. క్రాలీ టౌన్ మాజీ మేనేజర్ జాన్ యెమ్స్ మీద చాలా అభియోగాలు రుజువైనా, అతను తెలిసి చేసిన జాత్యహంకారి కాదంటూ కమిషన్ 2023 జనవరిలో 18 నెలల నిషేధంతో సరిపెట్టింది. ఫుట్‌బాల్ సంఘం ఒప్పుకోక అప్పీలుకు వెళ్లి మూడేళ్లకు పెంచింది. తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా అన్నది అన్నవాడికి ముఖ్యం. పడినవాడికి రెండూ ఒకేచోట తగులుతాయి. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అని మొదలయ్యే క్షమాపణను నేను లెక్కలోకి తీసుకోను.

స్వాగతం ఫ్లెక్సీ ఏమైంది? నేను రెండువందలు ఇచ్చాను.

ఆరడుగుల ఫ్లెక్సీ, కోచ్ ముఖం, కింద మన పదకొండుమంది పాస్‌పోర్టు ఫొటోలు. కట్టకుండానే గది తలుపు వెనక చుట్టి పెట్టాం. మొన్నటి వానకు కిటికీ నుంచి జల్లు కొడుతుంటే 'బొగ్గు' అని మనం పిలిచే మిత్రుడే దాన్ని విప్పి, తెల్లవైపు పైకి వచ్చేలా ప్రొజెక్టరు మీద కప్పాడు. డబ్బు వెనక్కి కావాలన్నవారు శనివారం వచ్చి తీసుకోండి. ఇప్పటికి ఇద్దరు తీసుకున్నారు.